బోర్డు మీద హలాల్ సరే, సాసు సీసాలో ఏముంది?

వంటగది శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హలాల్ చైనీస్, థాయ్ హోటళ్ల గురించే. ఒకే ప్రశ్నను ముగ్గురు నలుగురు అడిగిన చోట కలిపి ఒక్క జవాబే ఇచ్చాం.

ప్రశ్న: చైనీస్ హోటల్ బోర్డు మీద 'నూటికి నూరు శాతం హలాల్' అని ఉంటే నమ్మి కూర్చోవచ్చా? అడగాలంటే ఎవరిని, ఏమని అడగాలి? — కోటమిట్ట, నెల్లూరు

జవాబు: ఆ బోర్డు రాయించేవాళ్లు చాలావరకు కోడిని మనసులో పెట్టుకునే రాయిస్తారు. బిస్మిల్లా చెప్పి కోసి, నెత్తురు పూర్తిగా కారనిచ్చిన కోడి మన దగ్గర దొరకడం కష్టమేమీ కాదు. కోటమిట్టలో ఉంటున్న మీకు ఆ సంగతి మేం చెప్పక్కర్లేదు. చైనీస్ వంటలో అసలు చిక్కు మాంసంలో కంటే వంటవాడి చేతికందే దూరంలో వరసగా పెట్టిన సీసాల్లో, డబ్బాల్లో ఎక్కువ.

ముందుగా సూపు సంగతి కనుక్కోండి. కోడి ఎముకల్ని రెండు మూడు గంటలు ఉడికించి తీసిన నీళ్లతో సూపు చేసే హోటళ్లు తక్కువ. ఎక్కువ చోట్ల వేడినీళ్లలో చికెన్ పౌడరు కలుపుతారు. ఆ పొడిలో కోడి కొవ్వు, ఎండబెట్టిన కోడి మాంసం ఉంటాయి. కొట్టులో కోడిని ఎంత పద్ధతిగా కోసినా, ఆ పొడిలోని కోడిని ఎలా కోశారన్నది వేరే లెక్క. పైగా ఆ పొడి సూపుతో ఆగదు. ఫ్రైడ్‌రైస్‌లో ఒక చిటికెడు, నూడుల్స్‌లో ఒక చిటికెడు, మంచూరియా గ్రేవీలో అర చెంచా పడుతుంది. కాబట్టి ఆ ఒక్క డబ్బా మీద హలాల్ ముద్ర ఉందో లేదో చూస్తే సగం మెనూ సంగతి తేలిపోతుంది.

రెండోది ఫ్రోజెన్ సరుకు. లాలీపాప్, వింగ్స్, సాసేజీ, మోమోలు చాలాచోట్ల ప్యాకెట్లలోనే వస్తాయి. రోజూ కోయించి తెచ్చే కోడి గురించి చెప్పి, ఈ ప్యాకెట్ల ఊసెత్తని హోటలు మీకు సగమే చెప్పినట్టు. మూడోది వంటకు వాడే చైనా బియ్యపు సారా, దాని పేరు షావోషింగ్. నాలుగోది ఆయిస్టర్ సాసు. ఈ రెండింటి గురించి కింద విడిగా రాశాం. ఇవి కాక ఎక్స్‌ఓ సాసు అని ఒకటుంది. పెద్ద హోటళ్ల మెనూలో 'ఎక్స్‌ఓ ఫ్రైడ్‌రైస్' అని కనిపిస్తుంది. పేరు చూసి బ్రాందీ కలుస్తుందేమోనని చాలామంది అనుమానపడతారు. అసలు పద్ధతిలో చేసే ఆ సాసులో ఎండు రొయ్యలు, ఎండబెట్టిన సముద్రపు గుల్ల మాంసంతో పాటు ఉప్పులో ఊరిన పంది తొడ మాంసం పడుతుంది. అనుమానం ఉంచుకోవాల్సింది దాని మీద.

కాగితాల విషయం. గోడ మీద కనిపించే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సులో 14 అంకెల నంబరు ఉంటుంది. అది తిండి భద్రతకు సంబంధించింది, హలాల్ గురించి ఏమీ చెప్పదు. మన దేశంలో హోటళ్లకు ప్రభుత్వం హలాల్ సర్టిఫికెట్ ఇవ్వదు. చెన్నైలోని హలాల్ ఇండియా, జమీయత్ ఉలమా-ఏ-హింద్ హలాల్ ట్రస్టు వంటి ప్రైవేటు సంస్థలు ఇస్తాయి. విదేశీ సీసాల మీద మలేషియా ప్రభుత్వ ఇస్లామిక్ శాఖ జాకిం ముద్ర, థాయ్‌లాండ్ కేంద్ర ఇస్లామిక్ మండలి ముద్ర కనిపిస్తాయి. సర్టిఫికెట్ చూపిస్తే రెండు సంగతులు చూసుకోండి. అది హోటలుకు ఇచ్చిందా, లేక హోటలుకు మాంసం పోసే కంపెనీకి ఇచ్చిందా? గడువు తేదీ దాటిందా, లేదా? కంపెనీ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి హోటలు గోడకు తగిలిస్తే, ఆ కంపెనీ సరుకు వరకే అది చెల్లుతుంది.

అడిగే తీరులోనూ కొంత ఉంది. 'హలాలేనా?' అంటే 'హలాలే సార్' అన్న జవాబే వస్తుంది. దాంతో తేలేదేమీ లేదు. 'సూపులో వేసే చికెన్ పౌడరు డబ్బా ఒకసారి చూపిస్తారా?' అనండి. మధ్యాహ్నం పన్నెండున్నర లోపు, రాత్రి ఏడున్నర లోపు వెళ్తే మాస్టరుకు మాట్లాడే తీరిక ఉంటుంది. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టిన హోటలును మేం నమ్ముతాం. ఆ వివరం తమ దగ్గర లేదని ఒప్పుకుని, 'ఆ పొడి వేయకుండా చేసి ఇస్తాం' అన్న హోటలునూ నమ్ముతాం. విసుక్కున్న చోట ప్లెయిన్ రైస్, కోడిగుడ్డు, చేప వరకు తిని రావడం మంచిది. చేపకు జిబహ్, అంటే బిస్మిల్లా చెప్పి కోయడం, అవసరం లేదు.

ప్రశ్న: వంటలో పోసిన వైను మంటకు ఆవిరైపోతుంది, తప్పు లేదని మా బంధువులు అంటున్నారు. నిజమేనా? — లాయర్‌పేట, ఒంగోలు

జవాబు: పూర్తిగా ఆవిరి కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన పట్టికలో దీనికి లెక్కలున్నాయి. మరుగుతున్న వంటలో సారా పోసి వెంటనే దించితే 85 శాతం దాకా మిగిలే ఉంటుంది. 15 నిమిషాలు ఉడికితే 40 శాతం, గంట ఉడికితే 25 శాతం, రెండున్నర గంటలు ఉడికితే 5 శాతం. చైనీస్ బాణలిలో వంట మొత్తం మూడు నాలుగు నిమిషాలే. ఇక ఏ పాటి ఆవిరవుతుందో మీరే లెక్క కట్టుకోండి. షావోషింగ్‌లో సారా శాతం సుమారు 15. ఎలాగూ ధార్మికంగా చూస్తే ఎంత మిగిలిందన్న లెక్క కంటే వంటలో సారా పోయడమే అభ్యంతరం. అందుకే హలాల్ వంటగదిలో ఆ సీసా అసలు ఉండకూడదు.

దాని రుచి పని ఇంకోదానితో చేయించవచ్చు. ఆ సారా కోడి నీచు వాసనను తీసి, కొంచెం పులుపు, కొంచెం తీపి ఇస్తుంది. 2 పెద్ద చెంచాల సారాకు బదులు 2 పెద్ద చెంచాల కోడి ఎముకల నీళ్లు, అర టీ చెంచా వెనిగర్, పావు టీ చెంచా చక్కెర, నాలుగు చుక్కల అల్లం రసం. తేడా పసిగట్టడం కష్టం. వెనిగర్ గురించి భయం వద్దు, అది హలాలే. హోటళ్లలో వాడేది ఎక్కువగా అసిటిక్ ఆసిడ్‌ను నీళ్లలో కలిపి చేసిన తెల్ల వెనిగర్.

సోయా సాసు గురించి కూడా ఇద్దరు అడిగారు. సోయా గింజలు, గోధుమలు నెలల తరబడి పులిసి తయారయ్యే సాసులో ఒకటి రెండు శాతం సారా దానంతటదే పుడుతుంది. ఇది మత్తు కోసం చేసింది కాదు కాబట్టి చాలామంది ఆలిములు, అంటే మత పండితులు, అనుమతిస్తారు. కొన్ని కంపెనీలు మాత్రం బూజు పట్టకుండా సారాను విడిగా కలుపుతాయి. లేబుల్‌లో పదార్థాల వరసలో 'ఆల్కహాల్' అని ఉంటే అది కలిపిందే. అలాంటి సీసా మానుకోండి.

ప్రశ్న: మాది రొయ్యల చెరువుల ఊరు. రొయ్య సరే, థాయ్ హోటల్లో పీత, స్క్విడ్, ఆయిస్టర్ సాసు కూడా హలాలేనా? ఇంకొకటి, ఇక్కడ పుట్టిన వెనామీ రకం రొయ్యే హోటల్లో రబ్బరులా ఎందుకుంటుంది? — కావలి

జవాబు: ముస్లింలు పాటించే ధర్మశాస్త్ర మార్గాల్లో షాఫయీ, హనఫీ రెండు. షాఫయీ మార్గంలో సముద్రంలో దొరికేవన్నీ దాదాపు హలాలే. హనఫీ మార్గంలో నీటి జీవుల్లో చేప మాత్రమే హలాల్. ఆ లెక్కన పీత, స్క్విడ్, గుల్లలు తినరు. రొయ్య దగ్గర హనఫీ ఆలిముల్లోనే రెండు మాటలున్నాయి. రొయ్య చేప జాతిలోకే వస్తుందని చెప్పి తినొచ్చనేవాళ్లు చాలామంది, దూరంగా ఉండటం మేలనేవాళ్లు కొందరు. మన జిల్లాల్లో ముస్లింలు ఎక్కువగా హనఫీలే. కేరళ తీరంలో షాఫయీలు ఎక్కువ. అందువల్ల అక్కడి నుంచి వచ్చిన మాస్టరు 'హలాలే' అని నిజాయితీగా చెప్పి పీత వడ్డించవచ్చు. అతని మాట అతనికి నిజమే. మీ సంగతి మీ మసీదు ఇమాం గారిని అడిగి ఖాయం చేసుకోండి.

ఆయిస్టర్ సాసు గుల్లల రసంతో చేసేది కాబట్టి హనఫీలకు అదే అభ్యంతరం. చైనీస్ వంటలో బీఫ్, బ్రకోలీ, పుట్టగొడుగుల కూరలన్నిటికీ ఆ నిగనిగలాడే గోధుమ రంగు ఇచ్చేది ఇదే. పుట్టగొడుగులతో చేసిన వెజ్ ఆయిస్టర్ సాసు బజారులో దొరుకుతుంది. అది వాడమని అడగవచ్చు. థాయ్ ఫిష్ సాసుకు ఈ గొడవ లేదు. సన్నటి నెత్తళ్లను ఉప్పులో ఏడాది, ఏడాదిన్నర ఊరబెట్టి తీసిన రసం అది.

రబ్బరు సంగతి. రొయ్య రెండు నిమిషాల వంట. వంపు తిరిగి కొడవలిలా అయిందంటే ఉడికినట్టు. తోక వచ్చి తలను తాకి సున్నాలా చుట్టుకుంటే ఎక్కువ ఉడికినట్టు. హోటళ్లలో జరిగే తప్పు ఏమిటంటే, పొద్దున్నే రొయ్యల్ని ఉడికించి పక్కన పెట్టుకుని, ఆర్డరు రాగానే మళ్లీ నూనెలో వేయించి, మళ్లీ గ్రేవీలో మరిగిస్తారు. మూడుసార్లు ఉడికిన రొయ్య రబ్బరు కాక మరేమవుతుంది? దానికి తోడు కౌంటు. కిలోకు 30 తూగే రొయ్య కొంత ఎక్కువసేపు మంటకు ఓర్చుకుంటుంది, 80 కౌంటు రొయ్య నిమిషంలో బిరుసెక్కుతుంది. ఆర్డరిచ్చేటప్పుడే 'పచ్చి రొయ్య వేసి చేయండి, పది నిమిషాలు ఆగుతాం' అని చెప్పండి. కావలివాళ్లు అడిగితే ఎవరూ కాదనరు.

ప్రశ్న: థాయ్ మెనూలో 'బేసిల్ చికెన్' ఉంది. అది మన తులసేనా? తులసిని మాంసంతో వండటం మా ఇంట్లో పెద్దవాళ్లకు పట్టదు. — కందుకూరు

జవాబు: వంటకం పేరు 'పాడ్ క్రపావ్' అయితే అది తులసే. మన కోటలో పూజ చేసే తులసికీ దానికీ శాస్త్రీయ నామం ఒక్కటే. కోడిని సన్నగా కొట్టి, వెల్లుల్లి, మిరపకాయలు దంచి వేసి, బాణలిలో వేయించి, దించే ముందు గుప్పెడు ఆకు వేస్తారు. లవంగంలాంటి ఘాటు వస్తుంది. మీ పెద్దవాళ్లకు ఇబ్బంది అనిపిస్తే మానుకోవడమే మర్యాద.

థాయ్‌వాళ్లు 'హోరపా' అనే ఇంకో ఆకు వాడతారు. గ్రీన్ కర్రీలో పడేది అదే. అది సబ్జా గింజలిచ్చే రుద్రజడ జాతి. ఊదారంగు కాడ, సోంపు వాసన ఉంటాయి. ఏ ఆకు వేస్తారో అడిగి హోరపా ఉన్న కూర తెప్పించుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. మన హోటళ్లలో ఈ రెండూ దొరక్క ఇటాలియన్ బేసిల్ వేసేవాళ్లూ ఉన్నారు. ఆకు వెడల్పుగా, మెత్తగా, దొప్పలా ఉంటే అదే. రుచి దగ్గరగా కూడా రాదు.

ప్రశ్న: ముస్లిం స్నేహితులు విందుకు పిలిచారు. మేం శాకాహారులం. చైనీస్, థాయ్ హోటల్లో మాకు ఏం దొరుకుతుంది? — మార్కాపురం

జవాబు: చైనీస్ వైపు ఉండండి, మీకు అదే సులువు. థాయ్ వైపు 'వెజ్ గ్రీన్ కర్రీ' అని రాసి ఉన్నా, అందులో వేసే మసాలా ముద్దలో రొయ్యల పేస్టు ఉంటుంది, పైన ఫిష్ సాసు పడుతుంది. పైకి కూరగాయ ముక్కలే కనిపిస్తాయి. టామ్ యమ్ సూపు, పాడ్ థాయ్ నూడుల్స్ కూడా అంతే. 'ఫిష్ సాసు బదులు సోయా సాసు, రొయ్యల పేస్టు లేని ముద్ద' అని రెండు మాటలు కలిపి చెప్పాలి. 'వెజ్' అన్న ఒక్క మాట చాలదు. ముద్ద ముందే తయారై డబ్బాలో ఉంటే మార్చడం వాళ్ల వల్ల కాదు. అప్పుడు ఆ కూర వదిలేయండి. చైనీస్‌లో కూడా చికెన్ పౌడరు వేయొద్దని, బాణలి కడిగి చేయమని చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని రోజైతే ఆవిరి మీద ఉడికిన అన్నం, టోఫు, బొప్పాయి ముక్కల వరకే.

ప్రశ్న: ఆరుగురం వెళ్తున్నాం. థాయ్ ఎప్పుడూ తినలేదు. ఎంత తెప్పించుకోవాలి, ఏ వరసలో? — దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: సూపు మూడు, వన్ బై టూ. టామ్ యమ్ రెండు, కొబ్బరి పాలతో చేసే టామ్ ఖా ఒకటి. చేపల పులుసు ఊళ్లో పుట్టినవాళ్లకు టామ్ యమ్ పులుపు కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే మనది చింతపండుతో మరిగిన పులుపు, వాళ్లది దించాక పిండిన నిమ్మ పులుపు. నిమ్మరసం పిండి మళ్లీ మరిగిస్తే చేదెక్కుతుంది. సూపు చేదుగా వస్తే వెనక్కి పంపండి, తప్పు మీది కాదు. అందులో తేలే నిమ్మగడ్డి కాడలు, దుంప బిళ్లలు, ఆకులు నమలడానికి కాదు. పక్కన పెట్టేయాలి.

ఆ తర్వాత మసమన్ కర్రీ ఒకటి తప్పకుండా. ఆ పేరు 'ముసల్మాన్' నుంచి వచ్చిందని చెబుతారు. పేరుకు తగ్గట్టే దాల్చిన చెక్క, యాలకులు, లవంగం, జాజికాయ ఉంటాయి. చింతపండు, బంగాళాదుంప, వేరుశనగ పప్పు కూడా పడతాయి. మన మసాలాకు దగ్గరి చుట్టం. పిల్లలకు కారం తగలదు. దానితో గ్రీన్ కర్రీ ఒకటి, క్రపావ్ చికెన్ ఒకటి, పాడ్ థాయ్ ఒకటి, ప్లెయిన్ రైస్ మూడు. ఆరుగురికి ఇది సరిపోతుంది. చాలకపోతే అప్పుడు చెప్పొచ్చు.

మనవాళ్లు చేసే పొరపాటు థాయ్ కర్రీతో ఫ్రైడ్‌రైస్ తెప్పించుకోవడం. ఫ్రైడ్‌రైస్‌లో సోయా ఉప్పు, కర్రీలో ఫిష్ సాసు ఉప్పు. రెండూ కలిసి నాలుక మొద్దుబారిపోతుంది. థాయ్ కర్రీకి ఉప్పు లేని తెల్లన్నమే జోడీ. చాప్‌స్టిక్స్ గురించి కంగారు వద్దు. థాయ్‌వాళ్లు అన్నాన్ని చెంచాతో తింటారు, ఫోర్కు అన్నాన్ని చెంచాలోకి నెట్టడానికి. మీ ఆరుగురిలో ఎవరికైనా వేరుశనగ పడకపోతే ముందే చెప్పండి. మసమన్‌లో, పాడ్ థాయ్‌లో, సాటే సాసులో పల్లీ ఉంటుంది.

ప్రశ్న: ఉపవాసం విప్పేటప్పుడు టామ్ యమ్ తాగొచ్చా? — పొగతోట, నెల్లూరు

జవాబు: మొదటి గుక్కకే వద్దు. పొద్దంతా ఖాళీగా ఉన్న కడుపులో నిమ్మ, మిరప కలిసి పడితే మంట పుడుతుంది. ఖర్జూరం, నీళ్లు, నమాజు అయ్యాక ముందు టామ్ ఖా గానీ, పలచటి కోడి సూపు గానీ తాగండి. టామ్ యమ్ అన్నంతో పాటు తీసుకోండి.

ప్రశ్న: చైనాలో ముస్లింలు ఉన్నారా? హలాల్ చైనీస్ అనేది మనవాళ్లు కల్పించుకున్నదా? — ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: ఉన్నారు, వందల ఏళ్లుగా ఉన్నారు. హుయీ ముస్లింలే కోటికి పైగా, వీళ్లు కాక షింజియాంగ్‌లో ఉయ్‌గర్లు. చైనాలో హలాల్ హోటల్ బోర్డు మీద 'చింగ్‌జెన్' అని రాస్తారు. స్వచ్ఛం, సత్యం అని ఆ రెండు అక్షరాల అర్థం. లాంజౌ నగరపు బీఫ్ నూడుల్స్ వాళ్ల చేతి వంటే. పిండి ముద్దను రెండు చేతుల్తో సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి దారాల్లా చేస్తారు. ఒక్కో మడతకు పోగులు రెట్టింపు. జీలకర్ర, ఎండుమిర్చి వేసి వేయించే గొర్రె మాంసం కూడా ఆ వైపుదే. మనకు వెంటనే నచ్చుతుంది. అలాగే థాయ్‌లాండ్ దక్షిణాన పట్టాని, యాలా, నరాతివాట్ రాష్ట్రాల్లో ముస్లింలే ఎక్కువ. అక్కడ పసుపు వేసి కోడితో కలిపి వండే 'ఖావ్ మోక్' మన బిర్యానీకి తమ్ముడు. మెనూలో కనిపిస్తే వదలకండి. మంచూరియా మాత్రం మన దేశంలో పుట్టిందే.

ప్రశ్న: గోబీ మంచూరియా ఎర్రగా నిప్పులా ఉంటుంది. టేస్టింగ్ సాల్ట్ కూడా వేస్తారంటున్నారు. రెండింట్లో దేనికి భయపడాలి? — సింగరాయకొండ

జవాబు: రంగుకు. సోయా, ఎండుమిర్చి, టమాటాతో వచ్చే రంగు ఇటుక రంగుకు మించదు. చేతికి, ప్లేటుకు అంటుకుని నీళ్లతో కడిగినా పోని ఎరుపు పొడి రంగుదే. పరీక్షించిన శాంపిళ్లలో హానికరమైన కృత్రిమ రంగులు దొరికాయనే 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. 'కలర్ లేకుండా' అని చెప్పి చేయించుకోండి.

టేస్టింగ్ సాల్ట్, అంటే ఎంఎస్‌జీ, 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెడా సముద్రపు నాచు నుంచి గుర్తించిన రుచి. ఇప్పుడు చెరకు మడ్డి, కర్రపెండలం పిండి పులియబెట్టి తీస్తారు. మామూలు ఉప్పులో సోడియం 39 శాతమైతే దీనిలో 12 శాతం. ప్లేటుకు పావు టీ చెంచా లోపు వేస్తే వంటకు చెరుపు లేదు. బాగాలేని సరుకును కప్పిపుచ్చడానికి చెంచాల కొద్దీ వేయడమే తప్పు. హలాల్ వైపు నుంచి చూస్తే దీనికీ ముద్ర చూడాలి. 2001లో ఇండోనేషియాలో, ఈ పొడి తయారీలో బాక్టీరియాకు పెట్టే మేతకు పంది ఎంజైము వాడారని తేలి, సరుకంతా వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ప్రశ్న: ఇంట్లో గ్రీన్ కర్రీ చేస్తే కొబ్బరి పాలు విరిగిపోతున్నాయి. గలంగల్, కాఫిర్ లైమ్ మాకు దొరకవు. ఏం చేయాలి? — అద్దంకి బస్టాండు దగ్గర, ఒంగోలు

జవాబు: అమ్మా, దొరకవనుకున్నవి చాలావరకు మన చుట్టుపక్కలే ఉన్నాయి, పేర్లే వేరు. గలంగల్ మన దుంపరాష్ట్రం. పచ్చారి కొట్లో ఎండుది దొరుకుతుంది. దాన్ని గంటసేపు వేడినీళ్లలో నానబెట్టి దంచాలి. అల్లం దీనికి బదులు కాదు. దీని వాసన మిరియం, కర్పూరం కలిసినట్టుంటుంది. కాఫిర్ లైమ్ ఆకుకు బదులు దబ్బాకు. మజ్జిగలో నలిపి వేస్తామే, అదే. లేతది తీసుకుని నడిమి ఈనె తీసేయండి. నిమ్మగడ్డికి అడుగున తెల్లగా ఉండే నాలుగు అంగుళాలే ముద్దకు పనికొస్తుంది, పై ఆకు టీకి. మన దగ్గరి రకానికి ఆ అడుగు కాడ సన్నం కాబట్టి రెండు చెప్పిన చోట నాలుగు వేయండి. థాయ్ తాటి చక్కెరకు మన తాటిబెల్లం.

నలుగురికి ముద్ద: పచ్చిమిర్చి 12, చిన్న ఉల్లిపాయలు 6, వెల్లుల్లి రెబ్బలు 8, నిమ్మగడ్డి అడుగు కాడలు 4, దుంపరాష్ట్రం అంగుళం ముక్క, కొత్తిమీర వేళ్లు ఒక చిన్న కట్టవి, ధనియాలు 1 టీ చెంచా, జీలకర్ర అర టీ చెంచా, మిరియాలు 10. రొయ్యల పేస్టుకు బదులు వేయించి దంచిన ఎండు రొయ్యల పొడి 1 పెద్ద చెంచా. కొత్తిమీర వేళ్లు పారేయకండి, ఆకు కంటే వేరులోనే వాసన. నీళ్లు పోసి మిక్సీలో తిప్పితే ముద్ద వేగదు, ఉడుకుతుంది. రోట్లో నూరితే మేలు. మిక్సీయే అయితే రెండు చెంచాల కొబ్బరి పాలతో తిప్పండి.

ఇక విరగడం గురించి. థాయ్ పద్ధతిలో చిక్కటి పాలను కావాలనే విరగ్గొడతారు. పెద్ద కొబ్బరికాయ ఒకటి తురిమి, ముప్పావు గ్లాసు గోరువెచ్చటి నీళ్లతో మొదటి పాలు పిండి, ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచితే పైన మీగడ తేలుతుంది. ఆ మీగడను బాణలిలో వేసి మధ్యస్థం మంట మీద తిప్పుతూ ఉంటే ఐదారు నిమిషాలకు నూనె తేలుతుంది. ఆ నూనెలోనే 4 పెద్ద చెంచాల ముద్దను పచ్చివాసన పోయేదాకా వేయించాలి. తర్వాత అర కిలో కోడి ముక్కలు, ఒకటిన్నర గ్లాసు రెండో పాలు, నాలుగు చీలికలు చేసిన గుండ్రటి పచ్చ వంకాయలు వేసి, సెగ తగ్గించి 15 నిమిషాలు. గలగల మరిగించినా, మూత పెట్టినా పాలు పలుకులు పలుకులుగా విరుగుతాయి. మీ దగ్గర జరుగుతున్నది అదే. ఫిష్ సాసు ఒకటిన్నర పెద్ద చెంచా, తాటిబెల్లం 1 టీ చెంచా, దబ్బాకులు 4. దించాక రుద్రజడ ఆకు. డబ్బా పాలు వాడితే నూనె తేలలేదని గంటసేపు నిలబడకండి. వాటిలో విరగకుండా ఉండే పదార్థం కలిపి ఉంటుంది. అప్పుడు రెండు చెంచాల నూనెలో ముద్ద వేయించి మొదలుపెట్టండి.

ప్రశ్న: ఇంటి ఫ్రైడ్‌రైస్ ముద్దవుతుంది, హోటల్‌లో పొడిపొడిగా వస్తుంది. రాత్రి పార్శిల్ మిగిలితే పొద్దున వేడి చేసి తినొచ్చా? — వేటపాలెం రోడ్డు, ఒంగోలు వైపు నుంచి

జవాబు: ముద్దవడానికి కారణం తడి. బియ్యం మూడుసార్లు కడిగి, గ్లాసుకు గ్లాసుంపావు నీళ్లతో వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆవిరి పోనిచ్చి, ఫ్రిజ్‌లో ఐదారు గంటలు ఉంచండి. చల్లారిన మెతుకు గట్టిపడి విడివిడిగా ఉంటుంది. బాణలి ఇనుపది కావాలి. పొగ వచ్చేదాకా కాలనిచ్చి నూనె పోసి, గుడ్డు, ఆపైన అన్నం. ఒక్కసారి ఇద్దరికి సరిపడా, అంటే రెండు గ్లాసుల అన్నానికి మించి వేయకండి. ఇంటి గ్యాసు మంటకు అంతకంటే ఎక్కువ వేస్తే బాణలి చల్లబడి, అన్నం వేగడం మానేసి ఆవిరికి ఉడుకుతుంది. సోయా సాసును అన్నం మీద కాకుండా బాణలి అంచు వెంట పోయండి. కాలిన ఇనుము మీద చుర్రుమని మాడే ఆ క్షణంలోనే హోటల్ వాసన పుడుతుంది.

పార్శిల్ సంగతి జాగ్రత్తగా చదవండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. అన్నం బయట వెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలిచి విషం తయారుచేస్తాయి. పొద్దున ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. తిన్న కొద్ది గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. మామూలు రోజుల్లో రెండు గంటల లోపు, మన ఎండాకాలంలో గంట లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి. డబ్బాలో గట్టిగా కూరితే లోపలి అన్నం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. పలచగా పరిచి పెట్టండి. మరుసటి రోజు ఒక్కసారే, పొగలు వచ్చేలా వేడి చేసి తినండి. రాత్రి పదింటికి తెచ్చి, బల్ల మీదే ఉండిపోయిన పొట్లం అయితే వాసన బాగున్నా సరే, పారేయండి.